స్టాపు దాటిన పాట

ఆదివారం సాయంత్రం పాట తన స్టాపు దాటి వెళ్ళిపోయింది.

పాటలో కథ పెద్దదేం కాదు. బస్సులో మొగుడు గురకపెట్టి నిద్రపోతుంటాడు, పెళ్ళాం లేపుతుంటుంది. "లేవవోయ్, మన స్టాపొచ్చింది" అని గిటారు మీటుతూ గాయని ఒక్కసారి పాడగానే, వెనక డ్రమ్స్ దగ్గర కూర్చున్న బాబాయ్ అప్పటిదాకా నడిపిన నెమ్మది నడక వదిలేసి దౌడు అందుకోవాలి. కీబోర్డు వదిన, బేస్ గిటార్ మౌని ఆ దౌడులోకి దూకాలి. ఆ తర్వాత పాట ఏ దారి పడుతుందో నలుగురిలో ఎవరికీ తెలీదు. ఆ బృందం పద్ధతే అంత. ముందుగా అనుకున్నది ఆ ఒక్క పిలుపే. మిగతాదంతా ఏ రోజుది ఆ రోజు వేదిక మీద పుట్టాల్సిందే.

ఆమె పిలిచింది. బాబాయ్ అందుకోలేదు. కళ్ళు మూసుకుని వాయించడం ఆయన అలవాటు, అలాగే మూసుకుని, పెదవి కొరుక్కుంటూ పాత నడకే నడుపుతున్నాడు. ఆమె కాస్త విసుగు కలిపి మళ్ళీ పిలిచింది. జనం నవ్వారు. మూడోసారి బతిమాలింది. నాలుగోసారికి ఆమెకు నిజంగానే భయం వేసింది, ఆ భయం గొంతులోకి వచ్చేసింది, హాలు ఒక్కసారిగా చడీచప్పుడు లేకుండా అయిపోయింది. అప్పుడు మౌని వెనక్కి జరిగి మడమతో బాబాయ్ స్టూలును తట్టాడు. బాబాయ్ ఉలిక్కిపడి దౌడు తీశాడు. జనం కుర్చీల్లోంచి లేచారు.

ఈ బృందంలో ఎవరైనా తప్పితే మిగతావాళ్ళు సరిదిద్దరు, తప్పినవాడి వెంటే పోతారు. "ఒకడు పొరపాటున పక్క సందులోకి తిరిగితే అందరూ ఆ సందులోకే తిరగండి, అప్పుడదే దారైపోతుంది" అని బాబాయ్ పెట్టిన రూలు. రెండేళ్ళ కిందట కొత్తగా వచ్చినప్పుడు ఈ రూలు విని ఆమె బెదిరిపోయింది. తన పాటలన్నీ కొట్టివేతల్లేకుండా రాసుకున్న ఫైలు చంకలో పెట్టుకుని తిరిగే మనిషి మరి. వదిన ఆమెకు కాగితాలమ్మ అని పేరు పెట్టింది. ఫైలు ఎప్పుడో పోయింది, పేరు మిగిలింది.

ఆట అయ్యాక సామాను సర్దుతున్నారు. ఆమె బాబాయ్‌కి ఎడమ పక్కన నిలబడి వైరు చుట్టుకుంటూ, "ఆ కొస కాస్త ఇటు పారెయ్ బాబాయ్" అంది. ఆయన ఇత్తడి తాళాల స్టాండుకి మర విప్పుతున్నాడు. మళ్ళీ అడిగింది. ఆయన ఈల వేసుకుంటూ మర విప్పుతూనే ఉన్నాడు. ఆమె ఆయన చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చి, అంతకంటే మెల్లగా, "బాబాయ్" అంది.

"ఆఁ, చెప్పు పిల్లా."

ఆమె చేతిలో వైరు ఆగిపోయింది. ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఇక ఆ తర్వాత తెలియదనుకోవడానికి ఆమె పడ్డ పాట్లన్నీ తనను తాను మోసం చేసుకోవడానికి పడ్డవే.

"చెవికేమైంది?"

"దిబ్బడేసింది. జలుబు. పొద్దున లేచేసరికి గుంయ్‌మంటోంది. అదే పోతుందిలే" అని, మర జేబులో వేసుకుని, "ఇందాక ఆ చోట నేను లేటయ్యానా?" అన్నాడు.

డాక్టరుకి చూపించుకో అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ లేచి నిలబడ్డ జనం ఇంకా ఆమె కళ్ళలోనే ఉన్నారు.

"లేటయితేనేం? ఇవాళ ఆ చోటు ఎంత బాగా వచ్చిందో తెలుసా" అంది.

సోమవారం వ్యాన్‌లో వదిన ఊరుకోలేదు. ఆవిడ ముందు సీట్లో కాళ్ళు మడుచుకుని కూర్చుని, వెనక్కి తిరిగి, "ఏం కాగితాలమ్మా, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఎన్నిసార్లు పిలుస్తావే మొగుణ్ణి? నేనైతే రెండోసారికి చెంప పగలగొట్టి దింపేదాన్ని" అంది. అందరూ నవ్వారు. బాబాయ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆమె కూడా నవ్వాలి కదా అని నవ్వింది, కానీ గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నవాడిలా ముందు బాబాయ్ మొహమే చూసింది. ఆయనకేం అనుమానం లేదు. కుడిచెవి వదిన వైపు పెట్టి హాయిగా ఉన్నాడు. ఎడమ చెవి కిటికీ వైపు ఉంది.

ఆ సాయంత్రం అయిదుసార్లు పిలిచింది. రెండో పిలుపు చిరాకు, మూడోది గారాబం, నాలుగోదానికి బస్సులో పక్కవాళ్ళు చూస్తున్నారన్న సిగ్గు, అయిదోదానికి ఈ మనిషి ఇక లేవడేమో అన్న దిగులు. ఒకప్పుడు ఆరేళ్ళపాటు ఫైలులో రాసుకున్న పాటల్లో ఎక్కడా లేనిదేదో ఆ అయిదు పిలుపుల్లో ఆమెకు దొరికింది. వదిన ఒక్కో పిలుపు కింద ఒక్కో రంగు పరిచింది. మౌని స్టూలు తట్టేదాకా బాబాయ్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. మొదటి పిలుపు పాడేటప్పుడే, ఆయనకు వినపడకపోతే బాగుండునని తాను కోరుకున్నట్టు ఆమె గమనించింది. గమనించి కూడా పాడింది. అంతకంటే సిగ్గుమాలిన కోరిక తనకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

హాలు నడిపే పెద్దాయన వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ పాటలు పాతవి కూడా విన్నానమ్మా. మంచివే, కానీ ఇస్త్రీ చేసిన చొక్కాల్లా ఉండేవి. ఇప్పుడు మనిషి కనపడుతోంది. ఆ డ్రమ్ముల ఆయన లేవకుండా ఏడిపిస్తాడు చూశారూ, అది ఎన్నాళ్ళు సాధన చేశారు?"

"సాధనేం లేదండీ. దానంతటదే వచ్చింది" అంది ఆమె.

మంగళవారం ఆట లేదు. బస చేసిన లాడ్జి మెట్ల దగ్గర బట్టలు ఆరేస్తుంటే బాబాయ్ భార్య ఫోన్ చేసింది. బాబాయ్‌కి పెళ్ళామంటే ఆమెకు పిన్నే. ఇద్దరూ కలిసింది నాలుగైదుసార్లే అయినా, పిన్ని మాట్లాడితే అరగంటకి తక్కువ ఉండదు.

"ఒసే అమ్మాయ్, మీ బాబాయ్‌కి ఏమైందే? ఫోన్‌లో ఏం చెప్పినా ఆఁ ఆఁ అంటాడు. ఒకటి అడిగితే ఇంకోటి చెప్తాడు. జలుబంటాడు. ముక్కు దిబ్బడ లేదు, తుమ్ము లేదు, ఎక్కడి జలుబే? డాక్టరు దగ్గరికెళ్ళమంటే నా మీద ఎగురుతున్నాడు. నువ్వు దగ్గరుండి చూస్తున్నావుగా, నిజం చెప్పు."

ఆమె తడి చొక్కా పిండుతోంది. నీళ్ళు పాదాల మీద పడుతున్నాయి.

"ఏం లేదు పిన్నీ. వ్యాన్‌లో ఉన్నప్పుడు చేసుంటావు. ఆ శబ్దానికి ఎవరికీ ఏమీ వినపడదు."

"అంతేనంటావా?"

"అంతే."

"నువ్వన్నావంటే నాకు ధైర్యం" అని పిన్ని ఇంకో ఇరవై నిమిషాలు వేరే సంగతులు మాట్లాడింది.

ఫోన్ పెట్టేశాక ఆమె మెట్ల మీదే కూర్చుని, ఒక్క చెవి ఉన్నట్టుండి వినపడకపోతే ఏమవుతుందో ఆ ఫోన్‌లోనే వెతికింది. నాలుగైదు చోట్ల చదివింది. అన్నిచోట్లా ఒకే మాట. జలుబనుకుని ఊరుకోవద్దు, వెంటనే వెళ్ళాలి, గడిచే ప్రతి రోజూ నష్టమే. ఆదివారం నుంచి లెక్కపెట్టుకుంది. రెండు రోజులు. ఇవాళ చెప్పినా మించిపోయింది లేదు.

లేచి వెళ్ళింది. చెప్పడానికే వెళ్ళింది.

బాబాయ్ వరండాలో చిన్న డ్రమ్ము ఒళ్ళో పెట్టుకుని తోలు బిగిస్తున్నాడు. అంచు చుట్టూ ఉన్న మరల్లో ఒకదాన్ని తాళంచెవితో పావు చుట్టు తిప్పడం, దాని పక్కన వేలితో కొట్టడం, చెవి వంచి వినడం. నలభై ఏళ్ళ అలవాటు మీద ఎడమ చెవే వంచాడు. ఒక్క క్షణం అలాగే ఉండి, తల తిప్పి కుడిచెవి వంచాడు. ఆమెను చూసి డ్రమ్ము పక్కన పెట్టాడు.

"రా పిల్లా. ఒకటడుగుతా, మొహమాటం లేకుండా చెప్పు. నా వాయింపులో ఏమన్నా తేడా వచ్చిందా? నీ చెవి పాము చెవి, నీకు తెలీకుండా ఉండదు. మీ పిన్ని పోరు పడలేకపోతున్నా. తేడా ఉందంటే చెప్పు, ఇప్పుడే చెప్పులేసుకుని డాక్టరు దగ్గరికి పోతా."

ఇంతకంటే సుళువుగా ఎవరూ దారి ఇవ్వరు. కానీ శనివారం పెద్ద హాలులో రికార్డింగు ఉంది. పాటల కంపెనీ మనిషి సోమవారం నాటి ఆట ఎవరో ఫోన్‌లో తీసింది విని, జనం మధ్యే ఆ పాట రికార్డు చేస్తానని కబురు పెట్టాడు. డాక్టరు బాబాయ్‌ని వాయించొద్దంటే రికార్డింగు లేదు. బాబాయ్‌కి నయమైతే ఆ చోటు ఇక ఆ చోటు కాదు. ఈ రెండో ఆలోచన కూడా వచ్చింది ఆమెకు. అది రాలేదని తర్వాత ఎప్పుడూ అబద్ధమాడలేకపోయింది.

"తేడా ఏం లేదు బాబాయ్. ఇంత బాగా నువ్వెప్పుడూ వాయించలేదు."

ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగింది. "చూశావా! మీ పిన్నికి అన్నీ అనుమానాలే" అని డ్రమ్ము మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు.

శనివారం రికార్డింగు అవగానే చెప్పేద్దాం, ఆ సాయంత్రమే స్వయంగా తీసుకెళ్దాం అని ఆమె తనతో తాను ఒప్పందం చేసుకుంది. బుధవారం, గురువారం ఆటలు అంతకంటే బాగా వచ్చాయి. తేలు కుట్టిన దొంగలా, చప్పట్లు పడ్డప్పుడల్లా మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక గిటారు తీగల వైపు చూస్తూ నిలబడింది. ఆమె ఎంత వినయంగా ఉందో అని జనం ఇంకా చప్పట్లు కొట్టారు.

శుక్రవారం మధ్యాహ్నం వ్యాన్‌లోంచి స్పీకర్లు దించుతున్నప్పుడు ఆమె మౌనిని పక్కకి పిలిచింది. రోజుకి పది మాటలు మించి మాట్లాడని మనిషి.

"స్టూలెందుకు తడుతున్నావు?"

అతను స్పీకరు కింద పెట్టాడు. "వినపడట్లేదు కదా ఆయనకి."

"తెలుసా నీకు?"

"ఆదివారం నుంచి."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావనుకున్నా. ఆయన వినేది నీ మాటే." స్పీకరు పక్కకి జరుపుతూ, "నువ్వు ఊరుకుంటే, నాదే పొరపాటేమో అనుకున్నా" అన్నాడు.

"రేపు అయిపోనీ. రేపు చెప్దాం."

మౌని ఆమె వంక చూసి స్పీకరు ఎత్తుకున్నాడు. అతను తిట్టి ఉంటే బాగుండేది.

శనివారం నాలుగింటికి ఆట. హాలు నిండిపోయింది. బుధ గురువారాల్లో విన్నవాళ్ళు చుట్టాల్నీ స్నేహితుల్నీ వెంటబెట్టుకుని వచ్చారు. వేదిక మీద ఎటు చూసినా మైకులే. వెనక అద్దాల గదిలో కంపెనీ మనిషి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని బొటనవేలు పైకెత్తి చూపించాడు. బాబాయ్ కొత్త చొక్కా వేసుకున్నాడు. కూర్చోబోతూ తన ఎడమ పక్కన నేల మీద ఉన్న చిన్న స్పీకరు వైపు వంగి, "ఇందులో అమ్మాయి గొంతు రావట్లేదు, పెంచండి" అన్నాడు. సౌండు చూసే ఆయన, "ఇప్పటికే పూర్తిగా పెంచానండీ" అన్నాడు. బాబాయ్ సరేనన్నట్టు తలూపి కూర్చున్నాడు. ఆమె మైకు సర్దుకుంటున్నట్టు అటు తిరిగింది.

అయిదో పాటగా బస్సు పాట మొదలుపెట్టారు. నెమ్మది నడక. మొగుడు నిద్రపోయాడు. కిటికీలోంచి దుకాణాలు వెళ్ళిపోతున్నాయి.

"లేవవోయ్, మన స్టాపొచ్చింది."

బాబాయ్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. ముందు వరసల్లో ఇది తెలిసినవాళ్ళు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచేసరికి హాలులో ఎవరో ఆమెతో గొంతు కలిపారు. నాలుగోసారి వరసలకు వరసలే కలిశాయి. అయిదోసారి ఆరేడు వందల మంది చేతులు ఊపుతూ, కడుపు పట్టుకుని నవ్వుతూ, ఒకే గొంతుతో బాబాయ్‌ని లేపుతున్నారు. లేవవోయ్, లేవవోయ్.

ఏదో గోల ఆయనకు అందింది. కళ్ళు తెరిచాడు. ఎడమ నుంచి ఆమె పిలుస్తోంది, ఎదురుగా హాలంతా పిలుస్తోంది. పిలుపు ఒక్క కుడిచెవికే అందడంతో ఆయన తల తిప్పి కుడివైపు తెర వెనక్కి చూశాడు. అక్కడ ఒక మడత కుర్చీ తప్ప ఎవరూ లేరు. చేతులు నడక ఆపకుండానే, తనను పిలిచింది ఎవరా అని ఆ కుర్చీ చుట్టూ వెతికి, తర్వాత తలెత్తి పైన దీపాల వైపు చూశాడు. జనం పగలబడి నవ్వారు. నిద్రమత్తులో మొగుడు దిక్కులు చూస్తున్నాడనుకున్నారు. వాళ్ళు నవ్వుతున్నారు గనక ఆయన కూడా నవ్వాడు. దేనికి నవ్వుతున్నారో తెలియని నవ్వు అది, సభలో భాష తెలియని చుట్టం నవ్వే నవ్వు.

ఆరోసారి ఆమె పిలవలేదు.

మౌని వెనక్కి జరగబోయాడు. ఆమె వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. గిటారు తీసి నేల మీద పెట్టి, నాలుగడుగులు వేసి, డ్రమ్ముల ముందుకు వెళ్ళి అరచెయ్యి తోలు మీద ఆనించింది. నడక ఆగిపోయింది. వదిన వేళ్ళు కాసేపు వాయించి అవీ ఆగాయి. హాలు ఇంకా నవ్వుతూనే ఉంది. అది కూడా ఆటలో భాగమే అనుకున్నారు.

"ఏమైంది పిల్లా?" అన్నాడు బాబాయ్.

ఆమె ఆయన కుడిచెవి దగ్గరికి వంగింది. "నీకు ఎడమ చెవి వినపడట్లేదు బాబాయ్. జలుబు కాదు. నేను అయిదుసార్లు పిలిచాను."

ఆయన మొహంలో మొదట కనపడింది కోపం. "దానికి పాట మధ్యలో ఆపుతారా ఎవరన్నా?" అన్నాడు. చేతిలో పుల్లలు అలాగే ఉన్నాయి. "నాకు చెవి లేకపోతే నీకు బుద్ధి లేదా? వెళ్ళు, వెళ్ళి పాడు."

ఆమె కదల్లేదు. అద్దాల గదిలో కంపెనీ మనిషి లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. ఆమె దగ్గర్లో ఉన్న మైకు అందుకుని, "ఇవాళ్టికి ఇంతేనండీ. క్షమించండి" అంది. అప్పుడు ఆగింది నవ్వు.

అక్కణ్ణుంచి నేరుగా వెళ్ళిన ఆసుపత్రిలో చెవి డాక్టరమ్మ ఇంటికి బయల్దేరబోతూ వీళ్ళకోసం మళ్ళీ కోటు వేసుకుంది. కొడితే మోగే ఇనుప శ్రుతిదండాన్ని మోకాలికి కొట్టి బాబాయ్ నుదుటి మీద ఆనించి, మోత ఏ వైపు వినపడుతోందని అడిగింది. కుడివైపన్నాడు. ఎడమ చెవి దగ్గర పెట్టి, వినపడుతోందా అంది. ఆయన చాలాసేపు ప్రయత్నించాడు. ఆ ఇనుప ముక్క వైపు మర్యాదగా, తోటి వాయిద్యగాడిని వింటున్నట్టు తల వంచి కూర్చున్నాడు.

"కొట్టారా?" అన్నాడు చివరికి.

డాక్టరమ్మ దండం బల్ల మీద పెట్టింది. "లోపలి నరం దెబ్బతిందండీ. ఎన్నాళ్ళయింది ఇలా?"

"రెండు మూడు రోజులు. జలుబు చేసి..."

డాక్టరమ్మ కాగితం మీద రాసుకోబోయింది. "రెండా, మూడా? సరిగ్గా చెప్పాలి. మందు ఎంత ఇవ్వాలో, ఎంతవరకు ఆశ పెట్టుకోవచ్చో దాన్నిబట్టే ఉంటుంది."

బాబాయ్ వేళ్ళు లెక్కపెట్టసాగాడు. పక్కన నిలబడ్డ ఆమెకు ఇక ఎటూ తప్పుకునే దారి లేదు.

"ఆరు రోజులండీ" అంది. "ఆదివారం పొద్దున మొదలైంది. ఆ సాయంత్రం ఆటలో, మొదటిసారి పిలిచినప్పుడే ఈయనకి వినపడలేదు. అప్పటినుంచి ఒక్క రోజు కూడా వినపడలేదు."

బాబాయ్ ఆమెను చూడ్డానికి తల మొత్తం తిప్పాల్సి వచ్చింది. డాక్టరమ్మ రాసుకుంటూనే, ఇవాళే ఇంజెక్షను, మాత్రలు మొదలుపెడదామని, రెండు వారాలు ఏ వాయింపూ వద్దని చెప్పింది. మొదటి రెండు రోజుల్లో వచ్చుంటే తాను కాస్త ధైర్యంగా మాట్లాడేదాన్నని, ఇప్పుడు ఎంత తిరిగొస్తుందో మాటివ్వలేనని చెప్పింది. బాబాయ్ ఆవిడ మాట విన్నాడో లేదో తెలీదు. ఆమెనే చూస్తున్నాడు.

ఇంజెక్షను చేసి బయట బెంచీ మీద అరగంట కూర్చోమన్నారు. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, దూదిని వేలితో నొక్కి పట్టుకుని కూర్చున్నాడు. ఆమె కుడి పక్కన కూర్చుంది.

"మంగళవారం నిన్ను అడిగాను" అన్నాడు.

"అడిగావు."

"చెప్పులేసుకుని పోతానన్నాను."

"అన్నావు బాబాయ్."

"నాకేదో తేడాగానే ఉండింది. నువ్వు బాగుందన్నావని, సరే, నాదే భ్రమ అనుకున్నా. నా చెవి కంటే నీ చెవిని నమ్మాను."

క్షమించమని ఆమె అడగలేదు. అడిగితే ఆయన క్షమించేస్తాడేమోనని భయం వేసింది. "పాట ఎప్పుడూ రానంత బాగా వస్తోంది. అందుకని ఊరుకున్నాను. ఇంకే కారణం లేదు" అంది.

ఆయన దూది తీసి చూసుకున్నాడు. రక్తం ఆగింది. మళ్ళీ పెట్టుకున్నాడు.

"అంత బాగా వచ్చిందా?"

"వచ్చింది."

"నేను వినలేదు" అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. ఎదురుగా గోడ పక్కన ఎవరో నేల తుడుస్తూ, వీళ్ళ కాళ్ళ దాకా వచ్చి, ఎత్తమని సైగ చేశారు. ఇద్దరూ కాళ్ళెత్తారు.

బాబాయ్ జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు. పిన్ని. అలవాటు చొప్పున ఎడమ చెవికి పెట్టుకుని "ఆఁ" అన్నాడు. కాసేపు ఎదురుచూశాడు. మళ్ళీ "ఆఁ" అన్నాడు. తర్వాత ఫోన్‌ను రెండో చెవికి మార్చుకోలేదు, చెయ్యి చాపి ఆమె ముందు పెట్టాడు.

"నువ్వే చెప్పు" అన్నాడు.

ఫోన్‌లోంచి పిన్ని గొంతు సన్నగా వినిపిస్తూనే ఉంది. ఏమైంది, మాట్లాడరేం, ఎక్కడున్నారు అని అడుగుతోంది. ఆమె ఫోన్ తీసుకుని లేచి నిలబడింది.

"పిన్నీ, నేను. మొన్న మంగళవారం నీకు అబద్ధం చెప్పాను."